ఇంటి అలవాటును ఇల్లంతా మోయాలి

(చండూరు దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశంలో విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం)

అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. వెనక గోడ దగ్గర నిలబడ్డ అన్నలు, బయట బండ్ల దగ్గర మాట్లాడుకుంటున్న వాళ్ళు దయచేసి లోపలికి వచ్చి కూర్చోండి. నేను చెప్పబోయే దాంట్లో సగం మీకోసమే. పిల్లల ఆరోగ్యం, ఇంటి శుభ్రం, పర్యావరణం అనగానే మనం ఆడవాళ్ళను పిలిచి చెప్పి పంపిస్తాం. తడి చెత్త వేరు చెయ్యమ్మా, ఆకుకూర వండమ్మా, కవర్లు వాడకమ్మా అంటాం. ఆ అమ్మ తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, పత్తి ఏరడానికి పోయి, పొద్దుగూకినాక వచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించే మనిషి. ఆమె నెత్తిన ఇంకో పది పనులు పెడితే వారం రోజులు చేస్తుంది. ఆ తర్వాత చెయ్యలేదు. అప్పుడు మనం "మా ఇంట్లో ఏ అలవాటూ నిలవదు టీచరమ్మా" అంటాం. ఒక్క మనిషి మీద పెట్టిన అలవాటు ఏ ఇంట్లోనూ నిలవదు. నలుగురూ పట్టుకుంటేనే నిలుస్తుంది. నేను ఏ విషయం చెప్పినా ఇంట్లో ఆ పని ఎవరిది అన్నది కూడా అడుగుతాను. జవాబు మీరు మనసులో చెప్పుకోండి.

మనం ఉన్నది నల్లగొండ కాబట్టి నీళ్ళతోనే మొదలుపెట్టాలి.

ఫ్లోరైడ్ గురించి మన పెద్దవాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నార్కట్‌పల్లి దిక్కున వంగిపోయిన నడుములను, వంకరపోయిన కాళ్ళను చూస్తూ పెరిగాం. మన నేల కింద ఉన్న గ్రానైటు రాయిలోనే ఫ్లోరైడ్ ఉంది. నీళ్ళు ఆ రాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. లీటరు నీళ్ళలో ఒక మిల్లీగ్రాము వరకు పరవాలేదు. వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. దాటితే ముందు పిల్లల పళ్ళ మీద కనిపిస్తుంది, ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లోకి పోతుంది. నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేశారు. దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆఫ్రికాలో ఫ్లోరైడ్ ఉన్న దేశాల్లో కూడా ఆ పేరుతోనే దాన్ని పిలుస్తారు. మన జిల్లా పేరు అంత దూరం పోయింది, కానీ పోయింది మన బాధ వల్ల.

2015లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకానికి పైలాన్ స్తంభం వేశారు. ఆ తర్వాత కృష్ణా నీళ్ళు నల్లాల్లో మన ఇళ్ళకు వచ్చాయి. ఇది చిన్న సంగతి కాదు. దాని కోసం ఎంతోమంది ఏళ్ళ తరబడి కొట్లాడారు, తమ వంగిన శరీరాలనే సాక్ష్యంగా చూపించారు. ఆ నీళ్ళు వచ్చాక పుట్టిన పిల్లలకు ఆ బాధ రాకూడదు. మరి ఇంకా ఎందుకు మాట్లాడుతున్నానంటే, మన ఇళ్ళలో ఒక చిల్లు మిగిలిపోయింది.

తాగడానికి నల్లా నీళ్ళో, ప్లాంటు నుంచి తెచ్చిన క్యానో పెట్టుకుంటాం. వంటకు మాత్రం బోరు నీళ్ళు పోస్తాం. పప్పుకు, అన్నానికి, చాయ్‌కి అన్నిటికీ బోరే. ఎందుకంటే బోరు మోటరు వాకిట్లోనే ఉంది, స్విచ్ వేస్తే చాలు. క్యాన్ నీళ్ళు కొన్నవి కాబట్టి వంటకు పోయడానికి ప్రాణం ఒప్పదు. కానీ బియ్యం ఉడికేటప్పుడు నీళ్ళను పీల్చుకుంటుంది కదా. పప్పు పీల్చుకుంటుంది, అంబలి అయితే సగానికి పైగా నీళ్ళే. ఆ నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ మొత్తం పళ్ళెంలోకి వస్తుంది. ఇంకో మాట కూడా చాలామందికి తెలియదు. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు. కాచితే సూక్ష్మక్రిములు చస్తాయి, అది మంచిదే. ఫ్లోరైడ్ మాత్రం అలాగే ఉంటుంది. కొంత నీరు ఆవిరై పోతుంది కాబట్టి మిగిలిన నీళ్ళలో దాని మోతాదు ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి నా మొదటి మాట ఇది. తాగే నీళ్ళు, వండే నీళ్ళు ఒక్కటే కావాలి. పప్పు విషయంలో మీకు దాంతో లాభం కూడా ఉంది. బోరు నీళ్ళు కఠినమైనవి, వాటిలో పప్పు తొందరగా మెత్తబడదు. నది నీళ్ళలో తొందరగా ఉడుకుతుంది, గ్యాస్ మిగులుతుంది.

"నల్లా నీళ్ళు బ్లీచింగు వాసన వస్తున్నయ్" అంటారు. నిజమే, ఒక్కోసారి వస్తుంది. ఆ వాసన క్లోరిన్‌ది, అది ఉండబట్టే పైపు దారిలో క్రిములు బతకవు. వెడల్పు గిన్నెలోనో బిందెలోనో పట్టి, పైన పలచని గుడ్డ కప్పి కొంతసేపు ఉంచితే వాసన పోతుంది. ఆ తర్వాత మట్టి రంజన్‌లో పోసుకుంటే ఎండాకాలం ఫ్రిజ్ అవసరం కూడా అంతగా ఉండదు. నల్లా వచ్చే టైముకు నీళ్ళు పట్టి పెట్టడం ఎవరి పని? మా వీధిలో ఒక ఇంట్లో ఆ పని తాతది. ఆయన వాకిట్లో కూర్చునే ఉంటారు, నల్లా రాగానే పడతారు. కోడలు పొలం నుంచి వచ్చేసరికి వంట నీళ్ళు సిద్ధం. ఆ ఇంట్లో బోరు నీళ్ళు వంటింట్లోకి రావు. కారణం ఆయన అక్కడ కూర్చోవడమే.

నల్లా రాని రోజులు కూడా ఉంటాయి. పైపు పగులుతుంది, మోటర్లు ఆగుతాయి. అప్పుడు ఏం చెయ్యాలి? ఇక్కడే వాన నీళ్ళ సంగతి చెప్పాలి. పిల్లలూ, ఒక లెక్క చేద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఎన్ని నీళ్ళు? ఒక లీటరు. మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మంచి కాలమైతే ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లు పడుతుంది. ఆరు వందలే అనుకుందాం. వంద చదరపు మీటర్ల స్లాబు మీద అరవై వేల లీటర్లు పడతాయి. నాలుగో వంతు ఆవిరికి, మొదటి వానకు పోయినా నలభై ఐదు వేలు మిగులుతాయి. ఐదుగురున్న ఇంటికి తాగడానికి, వండడానికి రోజుకు ఇరవై ఐదు లీటర్లు వేసుకుంటే ఏడాదికి తొమ్మిది వేల లీటర్లు చాలు. మన స్లాబు మీద దానికి ఐదింతలు పడి మోరీలోకి పోతున్నాయి. వాన నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపుగా ఉండదు. మూత ఉన్న సంపులోకో సింటెక్స్ ట్యాంకులోకో పైపు పెట్టి, మధ్యలో ఇసుక, కంకర, బొగ్గు వేసిన వడపోత పెట్టి, మొదటి ఒకటి రెండు వానలు వదిలేసి, స్లాబును ఊడ్చి పట్టుకోండి. ఆ నీళ్ళను మరిగించి తాగొచ్చు, వండుకోవచ్చు. మిగిలిన నీళ్ళు ఇంకుడు గుంతలోకి పోనివ్వండి. బోరు వెయ్యడానికి అప్పు తెచ్చే ఇల్లు ఈ పైపుకు వెనకాడొద్దు. బోరు ఎక్కడ వెయ్యాలి, ఎంత లోతు పోవాలి అని తండ్రులే నిర్ణయిస్తారు కదా, ఈ పైపు పని కూడా వాళ్ళదే.

నీళ్ళు శుద్ధి చేసే ఆర్‌వో మెషిన్ల గురించి అడుగుతారని తెలుసు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. ఆర్‌వో ఫ్లోరైడ్‌ను బాగానే తీస్తుంది. కానీ ఇంట్లో పెట్టుకునే మెషిన్లు చాలావరకు ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటకు వదులుతాయి. నల్లా నీళ్ళు సరిగ్గా వస్తున్న ఇంట్లో దాని అవసరం లేదు. ఉన్నవాళ్ళు ఆ వదిలిన నీళ్ళను బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూమ్‌కు వాడండి. బర్రెలకు, మేకలకు మాత్రం తాపకండి. బోరు నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ అందులో ఇంకా చిక్కగా ఉంటుంది, పశువుల ఎముకలకు, పళ్ళకు కూడా అదే జబ్బు వస్తుంది.

ఇప్పుడు తిండి. ఇక్కడ నాకు కొంచెం కోపం కూడా ఉంది, దాచను.

పొద్దున పిల్లలకు చాయ్ పోసి, అందులో ముంచుకోవడానికి బిస్కెట్లు ఇచ్చి బడికి పంపుతున్నారు. ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయిన ఆడపిల్లలను నేను చేతులతో పట్టుకున్నాను. అడిగితే "చాయ్ తాగిన మేడం" అంటారు. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా ఉంది. చాయ్‌లో ఉండే పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. తేయాకులో ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. పిల్లలకు చాయ్ అసలే వద్దు. పెద్దవాళ్ళు తాగితే తిన్న వెంటనే కాకుండా గంట ఆగి తాగండి.

దాని బదులు ఏం పెట్టాలి అంటే, మన ఇంట్లో ఒకప్పుడు ఉన్నదే. తైదలు. రాగులు అని ప్యాకెట్ మీద రాస్తున్నారు, మన తైదలే. వంద గ్రాముల తైదల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా కష్టమే. మన ప్రాంతంలో కాల్షియం మాట మామూలు మాట కాదు. తిండిలో కాల్షియం బాగా ఉంటే పేగుల్లో ఫ్లోరైడ్ తక్కువ పీల్చుకుంటుంది. రాత్రి తైద పిండి కలిపి పెట్టి పొద్దున కాచి, మజ్జిగ పోసి, ఉల్లిగడ్డ కోసి వేసి ఇస్తే పిల్లవాడి కడుపు మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. అది చెయ్యడానికి చాయ్ చేసినంత సేపే. మునగ చెట్టు ఇంటి వెనక ఉంటే కాల్షియం డబ్బా కొనాల్సిన పని సగం తప్పుతుంది. మునగాకును పప్పులో వెయ్యండి, ఎండబెట్టి కారప్పొడి చెయ్యండి.

ఇక మన పచ్చిపులుసు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ బడిపిల్లల మీద ఒక అధ్యయనం చేసింది, 2002లో అచ్చయింది. రోజుకు పది గ్రాముల చింతపండు చొప్పున పద్దెనిమిది రోజులు ఇస్తే, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోయిందని చూశారు. ఇది చదివిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మా అమ్మ ఎండాకాలమంతా పచ్చిపులుసు చేసేది. అలాగని చింతపండు తింటే వంగిన ఎముక నిటారు అవుతుందని నేను చెప్పట్లేదు, అది మందు కాదు. మంచి నీళ్ళకు తోడుగా అది పని చేస్తుంది. ఉప్పు మాత్రం చూసుకోండి. అన్నీ కలిపి మనిషికి రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా మించకూడదు. మన ఇళ్ళలో పచ్చళ్ళతోనే అది దాటిపోతుంది. బత్తాయి మన జిల్లా పంట, లారీలకెత్తి పంపుతాం, ఇంట్లో పిల్లలకు కూల్‌డ్రింక్ తెస్తాం. తోట ఉన్నవాళ్ళు పక్కింటి పిల్లలకు కూడా నాలుగు కాయలు ఇవ్వండి. అందులోని సి విటమిన్ ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. పుంటికూర, గంగవాయిలి కూర, తోటకూర మన గట్ల మీద, పెరళ్ళలో మొలిచేవే. సీతాఫలాల కాలంలో పాలమూరు గుట్టల నుంచి గంపలు వస్తాయి, చిప్స్ ప్యాకెట్ డబ్బులకు అవి వస్తాయి.

ఇన్ని చెప్పినా ఒక్కటి మారకపోతే ఫలితం ఉండదు. మన ఇళ్ళలో మొదట మగవాళ్ళు తింటారు, తర్వాత మగపిల్లలు, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది అమ్మ, ఆడపిల్ల తింటారు. గుడ్డు ఉంటే అది ఎవరి పళ్ళెంలో పడుతుందో మీకు తెలుసు. రక్తహీనత లెక్కల్లో ఆ నూటికి 57 మంది ఎక్కడి నుంచి వచ్చారో ఆ వరుసను చూస్తే అర్థమవుతుంది. రాత్రి ఒక్క పూటన్నా అందరూ ఒక్కసారి కూర్చొని తినండి. గిన్నెలు మధ్యలో పెట్టుకొని ఎవరికి వాళ్ళు వడ్డించుకోండి. ఎవరికి తక్కువైందో అప్పుడు అందరికీ కనిపిస్తుంది. కనిపిస్తే ఏ తండ్రీ ఊరుకోడు. ఆ నమ్మకం నాకు మీ మీద ఉంది.

అక్కడ వెనక ఒక అమ్మ చెయ్యి ఎత్తింది. చెప్పమ్మా. ...అవును. ఆమె ఏమంటున్నదంటే, తైదలు, జొన్నలు చేస్తే అత్తమ్మ తింటుంది, పిల్లలు తినరు, వాళ్ళ నాన్న అసలే తినడు అంటోంది. నాన్న తినకపోతే పిల్లలు ఎందుకు తింటారమ్మా? పిల్లలు మనం చెప్పింది వినరు, మనం చేసేది చూస్తారు. జొన్నరొట్టెను తండ్రి రెండు రోజులు ఇష్టంగా తింటే మూడో రోజు పిల్లవాడు అడుగుతాడు. అన్నా, మీరు ఇక్కడ ఉన్నారో లేదో కానీ, ఉంటే ఈ వారం తిని చూడండి. మీ అమ్మనే కాల్చి పెట్టమనండి, రొట్టె చేత్తో కొట్టడం ఆమెకు వచ్చినంత బాగా ఇప్పటివాళ్ళకు రాదు.

తండ్రుల మాట వచ్చింది కాబట్టి ఇప్పుడు పురుగు మందుల సంగతి. మన జిల్లాలో పత్తి ఎంత వేస్తామో తెలుసు. మందు డబ్బా మీద ఒక చతురస్రం ఉంటుంది, సగం రంగు. ఎరుపు అంటే అన్నిటికంటే ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉందని అది మంచినీళ్ళు కాదు, అదీ మందే. డబ్బా కొనేటప్పుడు ఆ రంగు చూడండి, పిల్లలకు కూడా చూపించండి. అయిపోయిన డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు స్ప్రే ట్యాంకులోనే పోసి, డబ్బాకు మేకుతో చిల్లులు పెట్టండి. చిల్లు పెట్టకపోతే ఎవరో ఒకరు దాన్ని తెచ్చి నీళ్ళు పోస్తారు, నూనె పోస్తారు. డోరు పక్కన చెంబు బదులు ఆ డబ్బా పెట్టిన ఇళ్ళు నేను చూశాను. మిగిలిన మందు వాగులో, చెరువులో పారబోయకండి. మందు కొట్టిన బట్టలను పిల్లల బట్టలతో కలిపి నానబెట్టకండి, విడిగా ఉతకండి. వాటిని ఉతికేది మీ భార్య చేతులే అయితే ఆ మందు ఆమె చేతులకు కూడా అంటుతుంది. ఆ ఒక్క జత మీరే ఉతుక్కోండి. స్నానం చేశాకే బిడ్డను ఎత్తుకోండి. విత్తన శుద్ధి చేసిన రంగు విత్తనాలు కోళ్ళకు, పిల్లలకు అందకుండా పెట్టండి.

చెత్త గురించి. మన ఊళ్ళలో పెంటకుప్ప ఎప్పటినుంచో ఉంది. పేడ, ఊడ్చిన చెత్త, కూరగాయల తొక్కు అన్నీ అందులో పడి మాగి, ఎండాకాలం బండ్ల మీద పొలానికి పోయేవి. మన తాతల కాలంలో వ్యర్థం అన్నది ఇంట్లో లేదు. ఇప్పుడు అదే పెంటలో పాల కవర్లు, గుట్కా ప్యాకెట్లు, పిల్లల డైపర్లు పడుతున్నాయి. అది అలాగే పొలానికి పోతోంది. దున్నితే నాగలికి కవర్లు చుట్టుకుంటున్నాయి. బర్రెలు మేస్తూ కవర్లు మింగి, కడుపు ఉబ్బి చస్తున్నాయి. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఇంట్లోనే వేరు కావాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే చెప్పారు. మనకు అది ఇంకా తేలిక, తడి చెత్తకు పెంట ఉంది. ప్లాస్టిక్ అందులో పడకుండా చూస్తే చాలు. వంటింటి తలుపు వెనక ఒక పాత యూరియా బస్తా వేలాడదీయండి, కవర్లన్నీ అందులో. పంచాయతీ ట్రాక్టర్ వచ్చినప్పుడు దాన్ని ఇవ్వడం పిల్లల పని. డైపర్లు, ప్యాడ్లు పాత పేపర్లో చుట్టి విడిగా ఇవ్వండి, ఆ పని చేసే సఫాయి అన్న కూడా మనలాంటి మనిషే.

ఒకటి మాత్రం ఇవాళ సాయంత్రం నుంచే మానండి. స్నానాల నీళ్ళ పొయ్యి ముట్టించడానికి ప్లాస్టిక్ కవరు అంటించడం. కట్టెలు తొందరగా అంటుకుంటాయని చేస్తారు. ఆ నల్లటి పొగను పక్కనే చలి కాచుకుంటున్న పిల్లలు, ముసలివాళ్ళు పీలుస్తున్నారు. కొన్ని ప్లాస్టిక్‌లు కాలినప్పుడు డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి, అవి క్యాన్సర్‌కు దారి తీస్తాయి. పత్తి కట్టె ఎండినవి, కంది కట్టె మన దగ్గర ఎన్ని లేవు? వాటితో ముట్టించండి.

దోమల మాట. శుక్రవారం డ్రైడే, అంటే నిలవ నీళ్ళన్నీ ఖాళీ చేసే రోజు అని ఆశ వర్కర్లు చెబుతారు, కొందరికి అది ఎందుకో తెలియదు. డెంగీ దోమ గుడ్డు పెట్టినప్పటి నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికి ఒకసారి నీళ్ళు ఖాళీ చేస్తే మధ్యలోనే తెగిపోతుంది. కానీ నీళ్ళు నింపుకునే గోలెం వంచి పారబోస్తే సరిపోదు. ఆ గుడ్లు నీటి గీతకు పైన గోడకు అతుక్కుంటాయి, ఎండినా నెలల పాటు బతికి ఉంటాయి. మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలు అవుతాయి. అందుకని కొబ్బరి పీచుతో గోడలు గట్టిగా రుద్దాలి. సిమెంటు గోలెం వంచి రుద్దడం బలం కావాల్సిన పని, తండ్రీ కొడుకులు చెయ్యాలి. కూలర్, పాత టైర్లు, పూలకుండీల కింద పళ్ళేలు చూడడం చిన్నపిల్లలది. ఈ బడిలో ఏడో తరగతి పిల్లలు శుక్రవారం తమ వీధి చూసి వస్తామని హెడ్మాస్టర్ గారికి మాట ఇచ్చారు, చాలా సంతోషం.

పెళ్ళిళ్ళ గురించి ఒక్క నిమిషం. ఒక ఊరు ఏడాదంతా పొదుపు చేసిన ప్లాస్టిక్‌ను ఒక్క విందులో పారేస్తున్నాం. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, పళ్ళేల వంటివి దేశమంతా నిషేధం. అయినా వాడుతూనే ఉన్నారు. సిద్దిపేట జిల్లాలో ఊరికి స్టీల్ బ్యాంకులు పెట్టుకున్నారు, పళ్ళేలు, గ్లాసులు అందరికీ కలిపి కొని, విందు ఉన్నవాళ్ళు తీసుకుపోయి కడిగి తిరిగి ఇస్తారు. మన మహిళా సంఘాలు ఆ పని చెయ్యగలవు. సంఘంలో పొదుపు ఉంది, లెక్క రాసే అక్కలు ఉన్నారు. లేదంటే మోదుగాకు విస్తర్లు కుట్టించండి, కుట్టే వాళ్ళకు కూలి దొరుకుతుంది. తిన్నాక పశువులకు, పెంటకు పోతాయి. బతుకమ్మకు కూడా ఇదే చెబుతాను. గునుగు పూలకు తెలుపే అందం, రసాయన రంగుల్లో ముంచకండి. మనం చెరువులో వదిలేది పువ్వే కావాలి.

మొక్కలు నాటమంటే అందరూ నాటుతున్నారు, ఫొటో తీసుకుంటున్నారు. నేను అడిగేది ఒక్కటే, ఇంటికి ఒక చింత, ఒక మునగ. మునగ ఏడాదిలోనే ఆకు ఇస్తుంది. చింత మీ మనవలకు. దాని కింద గోలెం నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు పొయ్యండి. సబ్బు నీళ్ళు మాత్రం ఇంకుడు గుంతకు.

ఇప్పుడు చివరి పని, దీనికోసమే నిన్న పిల్లలతో మీకు చెప్పి పంపాం. మీ బోరు నీళ్ళు ప్లాస్టిక్ సీసాలో తెమ్మన్నాం. తెచ్చినవాళ్ళు బయట వేప చెట్టు కింద బల్ల దగ్గరికి రండి. ఈ కిట్‌లో ఎర్రటి ద్రావణం ఉంది, మీ నీళ్ళలో కొన్ని చుక్కలు వేస్తే రంగు మారుతుంది. గులాబీ రంగులోనే ఉంటే ఫ్లోరైడ్ తక్కువ. పసుపు వైపు పోయిన కొద్దీ ఎక్కువ. పక్కన రంగుల కార్డు ఉంది, తొమ్మిదో తరగతి పిల్లలు చూసి చెబుతారు, వాళ్ళకు నేర్పించాను. ఇది అంచనా మాత్రమే. పసుపు వచ్చిన వాళ్ళ సీసాలను పక్కన పెట్టి జిల్లా ల్యాబుకు పంపిస్తాం, ఖచ్చితమైన అంకె అక్కడ నుంచి వస్తుంది. సీసా మీద ఇంటి పేరు, వీధి, బోరు ఎంత లోతో రాయండి. లోతు మీ ఇంట్లో ఎవరికి తెలుసో వాళ్ళే వరుసలో నిలబడండి. అన్నలు ముందు రండి.